చుక్కి లేచిందా?

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, పిల్లని ఎక్కడో పడుకోబెట్టి మరిచిపోతానేమోనని. ఇంతవరకు మరిచిపోలేదు. మా జానూకి నాలుగో ఏడు నడుస్తోంది, ఒక్కనాడూ మరిచిపోలేదు. కానీ ఆ సంగతి భయానికి చెబితే వింటుందా. కూరగాయల బండి దగ్గర నా కుడిచెయ్యి బెండకాయల మీద ఉంటే, ఎడమచెయ్యి జానూ నెత్తి మీద ఉంటుంది. అది నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వేలు తగిలి లేస్తుంది. లేచి ఏడుస్తుంది. అప్పుడు నాకు నిమ్మళంగా ఉంటుంది. బాగుందో లేదో తెలుసుకోవడానికి నిద్రపోయే పిల్లని లేపే తల్లిని ఎక్కడా చూడలేదని మా ఆయన సూరిబాబు అంటాడు.

అలాంటి నేను ఒక పసిపిల్లని అంతరిక్షంలో గాజుపెట్టెలో పడుకోబెట్టి, అక్కడే వదిలేసి రావలసి వచ్చింది. మరిచిపోయి కాదు. లేపడానికి అనుమతి రాక.

మొదటినుంచి చెబుతాను. నేను ఇంటరు మొదటి ఏడాదిలో ఉండగా పెళ్లి చేశారు. భౌతికశాస్త్రం పుస్తకంలో వస్తువు కదలడం మొదలైంది, అది ఆగే పాఠం దాకా నేను చేరలేదు. కాబట్టి అంతరిక్షం గురించి నాకు తెలిసిందల్లా జానూకి అన్నం తినిపించడానికి సరిపడినంతే. జానూ ముద్దకో సంఘటన జరిగితేగాని నోరు తెరవదు. మొదటి ముద్దకి ఓడ బయలుదేరాలి. రెండో ముద్దకి ఇంజను ఆగాలి. మూడో ముద్దకి కెప్టెన్ అలివేలు స్పానరు పట్టుకోవాలి. పెరుగన్నంలోకి వచ్చేసరికి ఎవరో ఒకరు శూన్యంలో వేలాడుతూ ఉండాలి, లేకపోతే అది మూతి తిప్పేసుకుంటుంది. ఈ కథల్ని సూరిబాబు ఫోనులో రికార్డు చేసి పెట్టుకున్నాడు, నేను లేనప్పుడు వినిపించి తినిపించవచ్చని. ఆయన పని, ఒక టీవీ సంస్థలో షూటింగువాళ్లని తిప్పే వ్యాను నడపడం. ట్రాఫిక్కులో ఇరుక్కున్న ఒక సాయంత్రం, వెనక సీట్లో డైరెక్టరు ఖాదర్ బాషా గారు విసుక్కుంటూ ఉంటే, నా కథ పెట్టాడు. సిగ్నలు పడినా బండి తియ్యవద్దన్నారట ఆయన.

ఆ సంస్థ పేరు ప్రజా విజ్ఞాన ప్రసార మండలి. జనంలో విజ్ఞానం పెంచమని దాన్ని పెట్టారు. అప్పటిదాకా దాని చానల్లో కంది పంటకి పురుగుమందు ఎలా కొట్టాలో చూపించేవారు. పైనుంచి ఒకరోజు ఉత్తరువు వచ్చింది, శాస్త్రీయ దృక్పథమూ కుటుంబ విలువలూ సమపాళ్లలో గల అంతరిక్ష దైనిక ధారావాహిక ఒకటి తక్షణమే ఉండాలని. అంతరిక్షం తెలిసిన రచయితలకి అత్తాకోడళ్లు రాలేదు. అత్తాకోడళ్లు వచ్చినవాళ్లకి అంతరిక్షం రాలేదు. మధ్యలో నేను దొరికాను.

అలా "చుక్కల్లో కాపురం" మొదలైంది. విహంగి అనే ఓడ. అందులో కెప్టెన్ అలివేలు, ఆమె అత్తగారు, అలివేలు కూతురు చుక్కి. చుక్కికి ఇంకా ఏడాది నిండలేదు. ఒక శుక్రవారం ఓడ మీద ఉల్కల వాన కురిసింది. ఈ గోల తగ్గేదాకా పిల్లకి దెబ్బ తగలకూడదని అలివేలు చుక్కిని పక్కగదిలో నిద్రపెట్టెలో పడుకోబెట్టి తలుపు వేసి వచ్చింది. గాజుపెట్టె, మూత మీద పచ్చదీపం. దీపం వెలుగుతున్నంతసేపూ పిల్ల బాగున్నట్టు. సోమవారం లేపాలని నా ఆలోచన.

మధ్యలో ఆదివారం వచ్చింది.

ఆ రోజుల్లో ప్రతి సంస్థకీ జనంతో ముఖాముఖి మాట్లాడాలన్న ఉత్సాహం పట్టుకుంది. మండలికీ పట్టింది. ఆదివారం సాయంత్రం ఇంటర్నెట్లో మా పేజీలో రచయిత్రి ప్రత్యక్షంగా అభిమానుల ప్రశ్నలకి జవాబులు చెబుతుందని ప్రకటించారు. నేను బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, జానూని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెం పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. అది అన్నం వేళ మరి.

పిల్లలు అడిగేదానికి తెలీదు అన్నామా, అంతే, ఆ ముద్ద పోదు. అందుకని తెలీదు అనడం నాకు అలవాటు లేదు. చోడవరం నుంచి అప్పలరాజు గారు అడిగారు, బరువులేని చోట మెతుకులు ఎగిరిపోవా అని. మెతుకులుగా తింటే ఎగిరిపోతాయి, అందుకే కలిపి ముద్దలు చేస్తారు, ముద్ద ఎగిరినా నోరు తెరిస్తే సరిపోతుంది అన్నాను. కెప్టెన్ కుర్చీకి బెల్టు లేదేమని ఒకరు అడిగారు. పైటకొంగుతో కట్టుకుంటుంది అన్నాను. పక్కగది తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అని ఒకరు. చంకలో పిల్ల ఉన్నప్పుడు మోచేత్తో నెడితే ఎటు తెరుచుకుంటే అటు, అన్నాను. జనానికి ఇవన్నీ తెగ నచ్చాయి.

చివరి ప్రశ్న అచ్యుతాపురం నుంచి గంగాభవాని అనే ఆమె రాసింది. బట్టల కంపెనీలో షిఫ్టు పని అట, పిల్లని ఆడపడుచు దగ్గర వదిలి వెళుతుందట. ఇంత రాసి, కింద రెండు మాటలు అడిగింది: చుక్కి లేచిందా?

జవాబు చెప్పబోతుంటే జానూ పెరుగు చేత్తో ఫోను మీద కొట్టింది. ప్రసారం ఆగిపోయింది.

మర్నాడు చుక్కిని లేపే సన్నివేశం పట్టుకుని వెళితే, నన్నూ డైరెక్టరు గారినీ సమావేశ మందిరానికి పిలిచారు. అక్కడ మండలి సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు కూర్చుని ఉన్నారు. ఆయన గొంతు ఎత్తరు. ప్రతి మాటనీ దానికి మళ్లీ పని పడుతుందన్నట్టు జాగ్రత్తగా కింద పెడతారు.

"రత్నం గారూ, మీ సమాధానాల్లో సమాచారం ఉంది. ఆమోదం లేదు" అన్నారు.

నా పూర్తి పేరు నూకరత్నం. ఆయన నూకని తీసేసి గారు చేర్చారు.

తరవాత ఆయన కొత్త నియమం వివరించారు. ప్రజా సంస్థ ప్రజలకి ఇచ్చే సమాధానం చిన్న విషయం కాదు. ఇకమీదట ప్రతి ప్రశ్నా సంబంధిత విభాగానికి వెళ్లాలి, అక్కడ సమాధానం ఆమోదం పొందాలి, దాన్ని రచయిత్రి ఆదివారం ప్రత్యక్ష ప్రసారంలో తన నోటితో చెప్పాలి. అప్పటిదాకా అది పెండింగు ప్రశ్న, నిన్న నేను జవాబు చెప్పేసినవి కూడా. పెండింగు ప్రశ్న ఏ విషయం మీద ఉందో ఆ విషయాన్ని కథలో వాడకూడదు, మార్చకూడదు, తీసెయ్యకూడదు. దీన్ని ఆయన యథాతథ స్థితి అన్నారు. సమాధానం రాని ప్రశ్నని ప్రేక్షకులు ప్రతివారం మళ్లీ అడుగుతూ ఉండాలి, ఎవరూ అడగని వారం అది మురిగిపోతుంది. సంస్థకి సంబంధించినవాళ్లు అడిగితే లెక్కలోకి రాదు. అన్నిటికంటే ముఖ్యం, తెలీదు అన్నది సమాధానం కిందికి రాదు. ఈ చివరి మాట ఆయనే పెట్టారట. అది చెప్పేటప్పుడు కాస్త చిరునవ్వు కూడా వచ్చింది.

డైరెక్టరు గారు చెయ్యెత్తారు. "సార్, తలుపు మీద ప్రశ్న ఉంది. తలుపు తియ్యకుండా ఆ గదిలోకి మనుషులెట్లా పోతారు?"

"పోకూడదు" అన్నారు పరాంకుశం గారు.

"మరి కుర్చీ?"

"కూర్చోకూడదు."

చుక్కి సంగతి నేను అడిగాను. ఆమె నిద్ర మీద ప్రశ్న ఉంది గనక నిద్రలో ఉన్నది నిద్రలోనే ఉండాలన్నారు. నా కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.

మొదట ముద్ద ప్రశ్న కదిలింది. అది సాంకేతిక సలహాదారు డాక్టర్ అవధాని గారి దగ్గరికి వెళ్లింది. ఆయన తీసిపారెయ్యలేదు, పరికల్పన ఆసక్తికరంగానే ఉంది, పరీక్షకి పెడదాం అన్నారు. బరువులేని చోటు మండలి భవనంలో లేదు. ఉన్నంతలో దగ్గరి మార్గం పళ్లెం బోర్లించడమే అని తీర్మానించారు. బల్ల మీద తెల్లబట్ట పరిచారు. అన్నం, పప్పు, గోంగూర, పెరుగు నన్నే తెమ్మన్నారు. నేను ముద్ద చేసి పెడితే అవధాని గారు పళ్లెం తలకిందులు చేసి చూసేవారు. పప్పు ముద్ద కాసేపు పళ్లేన్ని పట్టుకుని, ఆలోచించి, పడింది. గోంగూర ముద్దల్లో నెయ్యి వేసినది జారింది, వెయ్యనిది నిలిచింది. పెరుగన్నం బోర్లించకముందే అవధాని గారి చొక్కా మీదుగా ఫలితం చెప్పేసింది.

పరీక్షకి నిలిచిన ముద్దల్ని ఏం చెయ్యాలో నియమాల్లో లేదు. పరాంకుశం గారు ఒకటి తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "నమూనా" అన్నారు. మిగిలినవాళ్లు కూడా నమూనాలు తీసుకున్నారు. ఫలితాలు నిర్ధారణ కావాలంటే వచ్చేవారం మళ్లీ పరీక్షించాలని, ఈసారి ఉల్లికాడల కూర కూడా చేర్చాలని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఆ తరవాత ప్రతివారం ఒప్పుకుంటూ వచ్చారు. ఈలోగా విహంగి ఓడలో ఎవరూ అన్నం తినకూడదు.

ఓడలో పరిస్థితి ఇలా ఉంది. కుర్చీ మీద ప్రశ్న ఉంది గనక కెప్టెన్ అలివేలు నిలబడాలి. ఆ గదిలో ఇంకొక కుర్చీ ఉంది, దాంట్లో అత్తగారు నియమం రాకముందునుంచీ కూర్చుని ఉంది, యథాతథ స్థితి ప్రకారం ఆవిడని లేపకూడదు. కాబట్టి రోజూ సాయంత్రం ఏడున్నరకి అత్తగారు కూర్చుని ఉండేది, కోడలు నిలబడి ఉండేది. దానిమీద ప్రశ్నలు వరదలా వచ్చాయి. అంతరిక్షానికి వెళ్లినా కోడలే నిలబడాలా అని ఆడవాళ్లు రాశారు. ఆ ప్రశ్న కుటుంబ విలువల విభాగానికి వెళ్లింది. అక్కడ నలుగురూ కోడళ్లే, నలుగురికీ నాలుగు అభిప్రాయాలు. అది పెండింగులో పడింది. ఇక నిలబడటం కూడా యథాతథ స్థితిలోకి వచ్చింది గనక అలివేలు అడుగు తీసి అడుగు వెయ్యకూడదు. ఆ వేషం వేసే మధులత అనే అమ్మాయి షూటింగు అవగానే మెట్లమీద కూలబడి, నా వంక చూసి, "అక్కా, కనీసం గోడకి ఆనుకుంటానని రాయవా" అని అడిగింది. రాశాను. ఆనుకోగానే గోడ దేనితో చేశారని ప్రశ్న వచ్చింది.

మాటలు కూడా తగ్గిపోయాయి. ఇంజను గురించి మాట్లాడకూడదు, ప్రశ్న ఉంది. కిటికీ గురించి మాట్లాడకూడదు. అలివేలు మొగుడు ఎక్కడున్నాడో అసలే మాట్లాడకూడదు, దానిమీద అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు ఉన్నాయి. చివరికి అత్తగారు "ఊఁ" అనేది, అలివేలు "ఆఁ" అనేది. ఆ "ఊఁ"కి అర్థం ఏమిటని పాలకొల్లు నుంచి ఒకాయన అడిగేదాకా అదే సాగింది.

ఇవన్నీ నాకు నవ్వుగానే ఉండేవి. నవ్వు రానిది పక్కగది ఒక్కటే. తలుపు అవతల చుక్కి పడుకుని ఉంది. తలుపు తియ్యకూడదు. అలివేలు అక్కడికి నడవకూడదు. కెమెరా మాత్రం రోజూ ఒకసారి ఆ గదిలోకి వెళ్లి పచ్చదీపం చూపించి వచ్చేది, అది డైరెక్టరు గారి దయ. నేను ఇంట్లో జానూ ముక్కు దగ్గర వేలు పెట్టడం ఎక్కువైంది. జానూ విసుగొచ్చి తన బొమ్మ ముక్కు దగ్గర తను వేలు పెట్టడం నేర్చుకుంది.

ఆ ప్రశ్నకి జవాబు ఇప్పించమని మండలి వరండాలో చాలా తిరిగాను. అది ఏ విభాగానిదో తేలలేదు. పెట్టె సాంకేతిక విభాగానిది. నిద్ర ఆరోగ్య విభాగానిది. పిల్ల కుటుంబ విలువల విభాగానిది. ఒక్కొక్కరూ తమ భాగం వరకు చూస్తామన్నారు. పిల్ల నిద్రపోతోందా లేచిందా అన్నది మాత్రం ముగ్గురి భాగాల్లోనూ రాలేదు. గంగాభవాని ఆదివారం ఆదివారం అడుగుతూనే ఉంది. ఒకవారం షిఫ్టు మారిందని పొద్దున్నే అడిగింది. ఒకవారం తన పిల్లకి దగ్గు తగ్గిందని రాసి, ఆ కిందే అడిగింది.

అప్పుడు వార్షిక సమీక్ష వచ్చింది. ఒక ధారావాహికలో ఇన్ని పెండింగు ప్రశ్నలేమిటని పైవాళ్లు మండలిని నిలదీశారు. సమీక్షలోపు ఒక్కటీ మిగలకూడదన్నారు. పరాంకుశం గారు నన్ను పిలిచి, ఎంతో ప్రసన్నంగా, కాఫీ కూడా తెప్పించి, సమస్యకి మూలంలోనే పరిష్కారం దొరికిందని చెప్పారు.

లేని వస్తువు మీద ప్రశ్న చెల్లదు. అదీ పరిష్కారం. కుర్చీ మీద ప్రశ్న ఉంటే, ఓడలో కుర్చీలు లేవని సమాధానం. తలుపు మీద ఉంటే, తలుపు లేదని. ఈ సమాధానాలన్నిటికీ ఒకేసారి ఆమోదం వచ్చింది, ఆ ఆదివారం నేను చదివేస్తే సరి.

"మరి చుక్కి?" అన్నాను.

"సదరు పేరుతో ఓడలో పిల్ల ఎవరూ లేరు" అన్నారు ఆయన.

"లేదంటే ఎలాగండీ. పడుకోబెట్టింది నేనే కదా."

"రత్నం గారూ, భావోద్వేగం వేరు, పరిపాలన వేరు. మేము పిల్లని ఏమీ చెయ్యడం లేదు. ఆమె ఉనికిని ఉపసంహరించుకుంటున్నాం, అంతే."

కాఫీలో చక్కెర ఎక్కువైంది. నేను లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి సూరిబాబుకి చెప్పుకుని ఏడ్చాను. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. "అది బొమ్మేనే రత్నం. తువ్వాలు చుట్టిన బొమ్మ. బేగంబజారు నించి వ్యాన్లో నేనే తెచ్చాను" అన్నాడు.

"ముందు సీట్లో పెట్టారా, వెనకా?"

కలిపిన ముద్దని పళ్లెంలోనే అటూ ఇటూ తిప్పాడు. తరవాత, "ముందే పెట్టాను" అన్నాడు. "బెల్టు కూడా పెట్టాను."

ఆ ఆదివారం ప్రసారం మండలి సమావేశ మందిరం నుంచి. జానూని ఎప్పుడూ చూసుకునే పక్కింటి ఆవిడ ఊరెళ్లింది, దాన్ని వెంట తీసుకెళ్లాను. నా కొంగు పట్టుకుని కూర్చోమన్నాను. బల్లకి ఒకవైపు నేను, ఎదురుగా ఫోను, ఫోను వెనక పరాంకుశం గారు, అవధాని గారు, విభాగాలవాళ్లు. ఉల్లికాడల కూర వాసన ఇంకా గదిలోనే ఉంది.

ఆమోదించిన కాగితం చదవడం మొదలుపెట్టాను. ఓడలో కుర్చీలు లేవు అన్నాను. తలుపులు లేవు అన్నాను. కిటికీ లేదు, ఇంజను లేదు అన్నాను. అప్పలరాజు గారు మరి ఓడ ఎలా పోతోందండీ అని అడగబోయి, ఎందుకులే అనుకున్నారేమో, దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నారు. అలా చదువుతూ చివరి వరసకి వచ్చాను. ఫోనులో గంగాభవాని ప్రశ్న వచ్చి నిలబడింది. ఈరోజు రెండో షిఫ్టండీ, మధ్యలో నీళ్లకని బయటికొచ్చి అడుగుతున్నాను, చుక్కి లేచిందా?

కాగితం మీద చూశాను. సదరు పేరుతో, అని ఉంది. ఆ మాట పలకబోయే ముందు అలవాటుగా నా ఎడమచెయ్యి పక్కకి వెళ్లింది. జానూ నెత్తి తగలలేదు. కొంగు ఉంది, కొంగు పట్టుకున్న చెయ్యి లేదు.

నేను ఏం చేశానో నాకు సరిగా గుర్తులేదు. కాగితం పడేశాను. జానూ ఏదీ అన్నాను, గట్టిగానే అన్నానట, పేజీలో వేలమంది విన్నారట. అవధాని గారు తెరల వెనక చూశారు. కుటుంబ విలువల విభాగం వాళ్లు నలుగురూ నాలుగు వైపులకి పరిగెత్తారు. డైరెక్టరు గారు మెట్లకి అడ్డంగా వెళ్లి నిలబడ్డారు. ఫోనులో జనం అడుగుతున్నారు, ఏ రంగు గౌను, ఎంత ఎత్తు, మెట్ల కింద చూశారా, నీళ్ల డ్రమ్ము వెనక చూశారా. కుర్చీ గురించి అడిగినవాళ్లూ తలుపు గురించి అడిగినవాళ్లూ, అందరూ.

గదిలో కదలని మనిషి ఒక్కరే. పరాంకుశం గారు. ఆయన బల్ల మీద చేతులు ఆనించుకుని బిగుసుకుని కూర్చుని, చూపుడువేలు ఒకటి పైకెత్తారు.

"ఇక్కడ ఉంది" అన్నారు గుసగుసగా. "నా కాలి మీద తల పెట్టి పడుకుంది. చాలాసేపైంది. తిమ్మిరెక్కింది గానీ, నేను కదపలేదు."

బల్ల కిందికి వంగి చూశాను. ఆయన బూటు మీద చెంప ఆనించి, ఆయన కండువా కొస గుప్పిట్లో పట్టుకుని జానూ నిద్రపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టబోయాను. "వద్దు, లేస్తుంది" అన్నారు ఆయన. ఆ రెండు మాటలకీ ఏ విభాగం ఆమోదమూ లేదు.

నేను వచ్చి నా చోట కూర్చున్నాను. ఫోనులో ప్రశ్న అలాగే ఉంది. ఒక్క మాట అంటే చుక్కి ఉండదు. ఉందని అన్నా, ఆ క్షణంతో ప్రశ్న తీరిపోతుంది, మర్నాటినుంచి వాళ్లు ఆ పెట్టెని ఏమైనా చేసుకోవచ్చు. జానూ పుట్టినప్పటినుంచీ ఏ ప్రశ్నకీ నేను అనని మాట ఒకటి ఉంది.

"గంగాభవాని గారూ, చుక్కి లేచిందో లేదో నాకు తెలీదండీ" అన్నాను. "మీరు అడుగుతూ ఉండండి."

తెలీదు అన్నది సమాధానం కిందికి రాదు. పరాంకుశం గారి ముఖం చూశాను. ఆయనకి అర్థమైంది. లేచి ఫోను ఆపాలని భుజాలు కదిలాయి, కాలు కదల్లేదు. ఆయన కాలి మీద యథాతథ స్థితి నిద్రపోతోంది. జానూ లేచేదాకా ఆయన అలాగే కూర్చున్నారు. ఎవరో తలుపు చప్పుడు చేస్తే, ఆయనే ష్ అన్నారు.

ఆ తరవాత ధారావాహిక ఇలా నడుస్తోంది. కుర్చీలు లేవని నేనే చదివాను గనక అత్తగారు కూడా లేవవలసి వచ్చింది. లేచి నిలబడే వేషానికి తాను ఒప్పుకోలేదని ఆ నటి మానేసింది. మధులత ఎప్పుడో వెళ్లిపోయింది, ఇప్పుడు ఏదో చానల్లో కూర్చునే వేషం దొరికిందట. తలుపు లేదు, కిటికీ లేదు, ఇంజను లేదు. మిగిలింది ఒక గది, గాజుపెట్టె, దానిమీద పచ్చదీపం. ప్రశ్న పెండింగులో ఉంది గనక దాన్ని తియ్యకూడదు. రోజూ ఏడున్నరనుంచి అరగంటసేపు దాన్నే చూపిస్తున్నారు. ఊళ్లలో తల్లులు పిల్లల్ని నిద్రపుచ్చడానికి అది పెడుతున్నారని, ప్రేక్షకులు పెరిగారని తేలింది. మండలి దీనికి ప్రశాంత ప్రసారం అని పేరు పెట్టి, మొదటినుంచీ ఉద్దేశం ఇదేనని ప్రకటించింది. ఇందులో రాయడానికి ఏమీ లేదు గనక నాకు పని లేదు. అలాగని తీసెయ్యలేదు, నేను కూడా యథాతథ స్థితిలోనే ఉన్నాను. పరాంకుశం గారు అప్పుడప్పుడు సూరిబాబుని పిలిచి, పాప బాగుందా అని అడిగి, ఇంకేమీ అనకుండా పంపేస్తున్నారు.

నేనూ రోజూ చూస్తాను, జానూకి ముద్దలు పెడుతూ. కానీ నేను చూసి లాభం లేదు. సంస్థకి సంబంధించినదాన్ని, నేను అడిగితే లెక్కలోకి రాదు. అడుగుతున్నది గంగాభవాని ఒక్కతే. మొన్న ఆదివారం ఆమె ప్రశ్న సాయంత్రం దాకా రాలేదు. నేను ఫోను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. దీపాలు పెట్టే వేళకి వచ్చింది, బస్సు ఆలస్యమైందట. ఆమెకీ జ్వరం రావచ్చు, ఆమె ఫోనూ నీళ్లలో పడవచ్చు, ఆమె కూతురికి ఒకవారం ఆమె కావలసి రావచ్చు. ఎవరూ అడగని ఆ ఒక్క వారం చాలు వాళ్లకి, చుక్కి లేదనెయ్యడానికి.

అందుకని ఇదంతా మీకు రాశాను. ఏడున్నరకి ఒకసారి టీవీ పెట్టి చూడండి. చివరిదాకా కూర్చోనక్కర్లేదు, పచ్చదీపం వెలుగుతోందో లేదో చూస్తే చాలు. ఆదివారం నాడు మా పేజీలో ఆ రెండు మాటలూ రాయండి. తప్పులున్నా ఫరవాలేదు.

జానూ లోపలి గదిలో పడుకుంది, అలికిడి లేదు. నేను వెళ్లి ఒకసారి చూసొస్తాను. ఈలోపు మీరు కాస్త చుక్కిని చూస్తూ ఉండండి.